పది మగ్గాల ప్రాసెసర్

మధ్యాహ్నం అన్నం తిని పుల్లన్న మళ్లీ మగ్గం గుంటలో కాళ్లు పెట్టాడు. పోగును లాక్కుంటూ నాడె ఇటు నుంచి అటు ఉరికింది. టక్, టక్, టక్. సరిగ్గా అప్పుడే భువన చేతిలో ఫోను మోగింది.

"అన్నా, చిన్నాయన! వీడియో కాల్!"

వీరేష్ నూలు కండెల బుట్టను పక్కకు జరిపి, వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

వాళ్లిద్దరూ అన్నదమ్ముల పిల్లలు. వీరేష్ పుల్లన్న కొడుకు, ఏడో తరగతి. భువన పుల్లన్న తమ్ముడి కూతురు, ఆరో తరగతి. ఎమ్మిగనూరులో నేతగాళ్ల వీధిలో రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. గోడకు ఇటువైపు ఒక మగ్గం, అటువైపు ఒక మగ్గం. ఫోన్‌లో కనిపిస్తున్న ఉమామహేశ్వర ఆ ఇద్దరన్నలకూ తమ్ముడు. కర్నూలులో ఒక కంప్యూటర్ షాపులో పని చేస్తాడు.

"ఏమప్పా, తిన్యారా? షాపులో జనం లేరు, అందుకే చేసినా. బిరబిరా చెప్పండి. ప్రాసెసర్ యాది పెట్టేది?"

కొత్త గేమింగ్ పీసీకి అన్ని సామాన్లూ కుదిరాయి. ప్రాసెసర్ ఒక్కటే మిగిలింది. అది పిల్లలే ఎంచుకోవాలని చిన్నాయన మొదటి నుంచీ అంటున్నాడు.

ఫోన్‌లో రెండు డబ్బాలు కనిపించాయి.

"ఇట్ల చూడండి. ప్రాసెసరంటే కంప్యూటర్‌కి మెదడు. దాంట్లో కోర్లుంటాయి. కోరంటే ఒక మగ్గం అనుకోండి. ఈ డబ్బాలోదాంట్లో ఆరు మగ్గాలు. అన్నీ ఒకేసారి నేస్తాంటాయి. ఇంకోదాంట్లో పది మగ్గాలు."

"పదిది! చిన్నాయనా, పదిదే!" అని భువన ఎగిరింది.

"ఆగు తల్లీ, రోంత ఇను. ఆరుదాంట్లో తెర మీద బొమ్మ చూపించే భాగం గూడా లోపలే ఉండాది. పదిదాంట్లో అది ల్యాదు. దానికి గ్రాఫిక్స్ కార్డు వేరేగా పెట్టల్ల. దసరాకి వచ్చినప్పుడు ఒక పాత కార్డు వీరేషుకు ఇచ్చినా కదా? అది పని చేస్తాంటే పదిది పెట్టుకోవచ్చు. వీరేషూ, ఆ కార్డు పని చేస్తాందా?"

వీరేష్ ఫోను వైపు చూడలేదు. ఎదురుగా ఉన్న గోడ వైపు చూశాడు. గోడ మీద చూడటానికి ఏమీ లేదు. ఏదైనా చెప్పే ముందు అతను ఎప్పుడూ అలాగే చూస్తాడు.

"అది... చిన్నాయనా... ఆ కార్డు..."

టక్, టక్, టక్.

"ఏందప్పా? ఇనపడల్యా!"

"పని చేస్తాందంట చిన్నాయనా!" భువన ఫోను నోటి దగ్గర పెట్టుకుని అరిచింది. "అన్న గూడా పదిదే కావాలంటాండాడు!"

"సరే అయితే. వచ్చే ఆదివారం తీసుకొని వస్తా."

ఫోను ఆగిపోయింది. వీరేష్ ఇంకా గోడ వైపే చూస్తున్నాడు.

"భువనా, ఆ కార్డు..."

"నువ్వు ఊరికే భయపడతాంటావన్నా. అన్నీ చిన్నాయన చూసుకుంటాడులే," అంటూ భువన అమ్మకు చెప్పడానికి పక్కింట్లోకి పరుగెత్తింది.

మగ్గం ఉన్న ఇంట్లో మాట్లాడటం వేరుగా ఉంటుంది. గట్టిగా మాట్లాడాలి, తొందరగా ముగించాలి. గొంతు చిన్నదైతే పక్కన ఉన్నవాళ్లు ఆ మాటను అందుకుని గట్టిగా అంటారు. 'అవ్వకు నీళ్లు కావాలంట!' 'పాలాయన వచ్చినాడంట!' ఆ వీధిలో ప్రతి ఇంట్లోనూ అంతే. ఒకరి మాట ఇంకొకరి నోట వినిపిస్తుంటే ఎవరికీ వింతగా అనిపించదు.

వీరేష్‌ది చిన్న గొంతు. పైగా అతను ఏ మాటా వెంటనే చెప్పడు. లోపల ఎక్కడో వెతికి, దొరికాకే నోరు తెరుస్తాడు. అంతలో అడిగినవాళ్లు వేరే పనిలో పడిపోతారు.

అందుకే చిన్నప్పటి నుంచీ భువనే అతని గొంతు. మొదట్లో అతను చెప్పిన మాటనే గట్టిగా చెప్పేది. తర్వాత సగం వినగానే మిగతా సగం తనే పూర్తి చేసేది. ఇప్పుడు అతను నోరు తెరవకముందే చెప్పేస్తోంది. ఇది ఎప్పుడు ఇలా మారిందో ఆమెకు తెలియదు. చుట్టుపక్కల వాళ్లు మాత్రం, "అన్నంటే ఈ పిల్లకు ఎంత ప్రేమో!" అంటారు. భువన కూడా అదే అనుకుంటుంది.

పది మగ్గాలదే కావాలని ఆమె అంత గట్టిగా అడగడానికి ఒక కారణం ఉంది. ఆ కారణం పేరు జయరాజ్.

జయరాజ్ ఆమె క్లాసువాడు. పోయిన నెల వాళ్లింటికి గేమింగ్ పీసీ వచ్చింది. అప్పటి నుంచి అతని నోట్లో ప్రాసెసర్ నంబరు తప్ప వేరే మాట లేదు. భువన వాళ్లింట్లో కూడా ఒక కంప్యూటర్ ఉంది. చిన్నాయన ఒకప్పుడు బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్ నడిపినప్పటిది. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక ఆ సెంటర్ మూతపడింది. మిగతావన్నీ అమ్మేసి, ఒక్కదాన్ని మాత్రం పిల్లల కోసం ఇంటికి పంపాడు. బటన్ నొక్కగానే అది దగ్గినట్టు చప్పుడు చేసేది. అందుకని భువన, వీరేష్ దానికి 'తాత' అని పేరు పెట్టారు. ఆ సంగతి ఒకసారి నోరు జారి క్లాసులో చెప్పడం భువన చేసిన తప్పు.

"ఏమ్మే భువనా, మీ తాత బాగుండాడా? దగ్గు తగ్గినాదా?" అని జయరాజ్ రోజూ అడిగేవాడు. వెనక బెంచీల వాళ్లు దగ్గేవాళ్లు.

ఒకప్పుడు ఎంతో ఇష్టమైన ఆ పేరు ఇప్పుడు వింటేనే ఆమెకు చెవులు వేడెక్కేవి.

పైగా నూలు గురించి ఆమెకు బాగా తెలుసు. నూలుకు నంబరుంటుంది. నంబరు పెరిగే కొద్దీ నూలు సన్నం, చీర మేలు. ఈ లెక్క ఆమె నడక నేర్చినప్పటి నుంచీ వింటున్నదే. ప్రాసెసర్‌కు కూడా అదే లెక్క అనుకుంది. పెద్ద నంబరు ఉన్నదే మంచిది, అంతే. మిగతాది వినాల్సిన అవసరం ఆమెకు కనపడలేదు.

సోమవారం బడికి పోగానే జయరాజ్ బెంచీ ముందు నిలబడింది.

"మాకూ వస్తాంది. పది మగ్గాలది!"

"మగ్గాలా?"

"కోర్లప్పా, కోర్లు! మీదాంట్లో ఎన్ని?"

జయరాజ్ బ్యాగులో ఏదో వెతకడం మొదలుపెట్టాడు. ఆ రోజు ఎవరూ దగ్గలేదు.

ఆ వారమంతా వీరేష్ రెండు మూడుసార్లు ఆమె దగ్గరికి వచ్చాడు. "భువనా..." అని మొదలుపెట్టేవాడు. భువన అప్పుడు ఏదో ఒక పని మీద ఉండేది. "తెలుసులే అన్నా, నువ్వేమి చెప్తావో," అనేది.

ఆదివారం పొద్దున చిన్నాయన కర్నూలు బస్సు దిగి, రెండు చేతులా డబ్బాలు పట్టుకుని వచ్చాడు. వీధిలో పిల్లలంతా వాకిట్లో గుమిగూడారు. భువన పిలిచింది కాబట్టి జయరాజ్ కూడా వచ్చాడు. చాప మీద తెల్లటి గుడ్డ పరిచి చిన్నాయన పని మొదలుపెట్టాడు.

ప్రాసెసర్ డబ్బాలోంచి బయటికి వచ్చింది. అది ఇంత చిన్నదా అని అందరూ ఆశ్చర్యపోయారు. బిస్కెట్ కంటే చిన్నది. చిన్నాయన దాన్ని రెండు వేళ్లతో అంచులు పట్టుకుని, బోర్డు మీద దాని చోట్లో దించాడు.

"నొక్కగూడదు. దాని చోటు దొరికితే అదే కూర్చుంటాది," అన్నాడు.

"ఆటలాడే దానికి ఇంత మెదడా?" అంది భువన వాళ్లమ్మ మహాదేవి, రాట్నం దగ్గర నుంచే. "రోంత మా పిల్లలకి మిగిలిస్తే బాగుండు."

అందరూ నవ్వారు. భువన కూడా నవ్వింది. చివరికి వీరేష్ ఇంట్లోంచి ఆ పాత గ్రాఫిక్స్ కార్డు తెచ్చి చిన్నాయన చేతికిచ్చాడు. ఇచ్చేటప్పుడు దాన్ని వెంటనే వదల్లేదు. చిన్నాయన కొంచెం గట్టిగా లాక్కోవాల్సి వచ్చింది.

"చిన్నాయనా... అది..."

"ఉండప్పా, బిగిస్తాండా."

అన్నీ బిగించడం అయిపోయింది. చిన్నాయన భువన వైపు తిరిగి, "నొక్కు తల్లీ," అన్నాడు.

భువన బటన్ నొక్కింది. ఫ్యాన్లు తిరిగాయి. లోపల నీలం లైటు వెలిగింది. వాకిట్లో పిల్లలు "ఓ!" అని అరిచారు. అందరూ తెర వైపు చూశారు.

తెర నల్లగా ఉంది. ఒక మూల 'నో సిగ్నల్' అని చిన్న అక్షరాలు వచ్చాయి. కాసేపటికి అవి కూడా పోయాయి.

చిన్నాయన వైర్లు పీకి మళ్లీ పెట్టాడు. కార్డు తీసి, తుడిచి, మళ్లీ బిగించాడు. పీసీ డబ్బాలోకి తొంగిచూశాడు. అన్ని ఫ్యాన్లూ తిరుగుతున్నాయి, కార్డు మీదిది తప్ప.

"కార్డు సచ్చిపోయినాది," అన్నాడు. "ఇంగ బొమ్మ యాడ నుంచి వస్తాది? ఈ ప్రాసెసర్‌లో ఆ భాగమే ల్యాదు. వీరేషూ, పని చేస్తాందని చెప్పినావు కదప్పా! నీ మాట నమ్మే కదా నేను ఇది తెచ్చింది!"

అందరూ వీరేష్ వైపు చూశారు. వీరేష్ గోడ వైపు చూశాడు.

"నోట్లో నాలుక ల్యాదా రా?" పుల్లన్న గొంతు లేచింది. "రెండిళ్ల దుడ్లు పెట్టినాము. పని చెయ్యదని ఒక్క మాట ముందే చెప్తే ఏమి పోయేది నీకు?"

"నాయనా... నేను..."

పుల్లన్న అప్పటికే విసుగ్గా లేచి పోయి మగ్గంలో కూర్చున్నాడు. టక్, టక్, టక్.

అప్పుడు భువన చెప్పాల్సింది. 'అన్న చెప్పలేదు, నేను చెప్పినా' అంటే సరిపోయేది. ఆ మాట ఆమె లోపల ఉంది కూడా. కానీ వాకిట్లో జయరాజ్ ఉన్నాడు. చిన్నాయన ముఖం ఎర్రగా ఉంది. మాట గొంతు దాకా వచ్చి అక్కడే ఆగింది. ఎంత లాగినా రాలేదు. ఎప్పుడూ ఎవరికంటే ముందు మాట్లాడే భువనకు, మాట ఉండి కూడా బయటికి రాకపోవడం అంటే ఏమిటో అదే మొదటిసారి తెలిసింది.

వీరేష్ ఒక్కసారి ఆమె వైపు చూశాడు. కోపంగా కాదు. ఆమె ఏదైనా చెబుతుందేమో అన్నట్టు. తర్వాత చెప్పులేసుకుని బయటికి పోయాడు.

పిల్లలు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. వాకిలి దాటాక ఎవరో దగ్గారు.

ఆ రోజు నుంచి వీరేష్ మాట్లాడటం మానేశాడు.

అలిగినట్టు ఉండేవాడు కాదు. పిలిస్తే వచ్చేవాడు. చెప్పిన పని చేసేవాడు. అడిగినదానికి తల ఊపేవాడు. అవునంటే కిందికి పైకి, కాదంటే అటు ఇటు. చాలా మందికి తేడా కూడా తెలియలేదు. అతను ఎప్పుడూ తక్కువే మాట్లాడతాడు కదా అనుకున్నారు.

భువనకు తెలిసింది. బడికి పోయేటప్పుడు అతను పక్కనే నడిచేవాడు, కానీ పక్కన ఎవరూ లేనట్టే ఉండేది.

"అన్నా, ఉగ్గాని తింటావా? అమ్మ చేసినాది."

తల అటు ఇటు.

"కోపమా?"

తల అటు ఇటు.

"మరేమి?"

దానికి తల ఎటు ఊపాలో అతనికీ తెలియనట్టుంది. ఊపలేదు.

గురువారం సాయంత్రం బడి నుంచి వచ్చాక భువనకు ఏమీ తోచలేదు. కొత్త పీసీ మీద అమ్మ పాత చీర కప్పింది. దాని వైపు చూడబుద్ధి కాలేదు. మూలకు పోయి తాత బటన్ నొక్కింది. తాత దగ్గాడు. తెర వెలగడానికి ఎప్పటిలాగే చాలాసేపు పట్టింది. తర్వాత పాత కార్ల ఆట తెరిచింది. తెర అడుగున ఒక పచ్చ గీత పుట్టి, కుడి వైపుకు పాకడం మొదలైంది. అది చివరి దాకా నిండితేనే ఆట మొదలవుతుంది.

భువన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

తను మూడో తరగతిలో ఉన్నప్పుడు వాళ్లిద్దరూ ఒకటే స్టూలు మీద ఇరుక్కుని కూర్చునేవాళ్లు. బాణాల బటన్లు ఆమెవి, స్పేస్ బటన్ అతనిది. కారు తిప్పడం ఆమె పని, ఎగిరించడం అతని పని. మధ్యలో బొరుగుల గిన్నె. కీబోర్డు సందుల్లో బొరుగులు పడితే తాతకు అన్నం పెట్టామని నవ్వుకునేవాళ్లు.

ఆటకంటే ఈ పచ్చ గీతే ఎక్కువసేపు నడిచేది. అది పాకుతున్నంతసేపూ వీరేష్ మాట్లాడేవాడు. తాత ఉన్న మూల మగ్గానికి దూరం. చప్పుడు పలచగా వినిపించేది.

"భువనా, కాలువకు నీళ్లు వదుల్తారు కదా... చేపలకు ఎట్ల తెలుస్తాది, ఈరోజు నీళ్లు వస్తాయని?"

"కర్నూలులో కొండారెడ్డి బురుజు ఎక్కినాం కదా... అంత పైకి రాళ్లు ఎవురు మోసినారో. వాళ్లు ఒక్కసారైనా పైన కూర్చుని ఊరు చూసింటారా?"

"మనం నిద్రపోతే మగ్గం చప్పుడు చెవులో ఉంటాది కదా... అది లోపలదా, బయటిదా?"

ఎన్ని మాటలు చెప్పేవాడు! గీత సగం దాకా వచ్చేసరికి ఒక మాట సగం అయ్యేది. నిండేసరికి మాట పూర్తయ్యేది. ఇద్దరి వేగమూ ఒకటే, వీరేష్‌దీ తాతదీ.

అప్పుడు తను అంతా వినేది. ఎందుకు వినేది?

భువనకు ఆ ప్రశ్న ఎక్కడ నుంచి వచ్చిందో తెలియదు. దాని జవాబు మాత్రం వెంటనే వచ్చింది. అది ఆమెకు నచ్చలేదు. అప్పుడు కంప్యూటర్ నిదానం కాబట్టి వినేది. గీత నిండేదాకా వేరే పని లేదు కాబట్టి వినేది. అన్న కోసం ఎప్పుడూ ఆగలేదు. ఆట కోసం ఆగింది. ఆ ఆగిన సమయంలో అన్న మాటలు ఆమెకు దొరికాయి, అంతే.

గీత నిండింది. ఆట మొదలైంది. కారు పరుగెత్తింది. గుంత వచ్చింది. ఆమె చెయ్యి బాణాల మీదే ఉండిపోయింది. కారు గుంతలో పడింది.

భువన లేచి పక్కింటికి పోయింది.

పుల్లన్న మగ్గంలో ఉన్నాడు. వీరేష్ ఆ పక్కనే కూర్చుని కండెలు చుడుతున్నాడు. భువన పోయి మగ్గం పక్కన నిలబడింది.

"పెద్దనాయనా, కార్డు పని చేస్తాందని చెప్పింది అన్న కాదు."

టక్, టక్, టక్. "ఏందీ?"

"అన్న కాదు! చెప్పింది నేను!"

"ఎవురు కొన్నారూ?"

భువనకు ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి. ఒకసారి చెప్పడమే కష్టం అనుకుంటే ఇన్నిసార్లు చెప్పాల్సి వస్తోంది. ఊపిరి గట్టిగా పీల్చి అరిచింది.

"అన్నను అడక్కుండానే నేను చిన్నాయనకు అబద్ధం చెప్పినా! అన్న చెప్పబోతాంటే నేను చెప్పనియ్యల్యా! తప్పు నాదే!"

గోడకు అవతల రాట్నం దగ్గర మహాదేవి చెయ్యి ఆగింది. ఆ పక్కనే భువన నాయన మగ్గం కూడా ఒక్క క్షణం తడబడింది. వీధిలో పోతున్న ఒకాయన తలుపు దగ్గర ఆగి లోపలికి చూసి పోయాడు.

పుల్లన్న ఆమె వైపు చూశాడు. తర్వాత కొడుకు వైపు చూశాడు. కొడుకును తిట్టిన మాట ఆయనకు కూడా గుర్తొచ్చినట్టుంది. నాడె తాడు చేతిలోనే ఉంది, లాగలేదు.

"ఇంత గట్టిగా ఆ రోజే చెప్పింటే బాగుండు మే," అన్నాడు నిదానంగా. "సరే. చిన్నాయనకు గూడా చెప్పు."

మళ్లీ మగ్గం కదిలింది. వీరేష్ తల ఎత్తలేదు. కానీ అతని చేతిలో కండె తిరగడం మాత్రం ఆగిపోయింది.

భువన ఫోను చేసి చిన్నాయనకు అంతా చెప్పింది. అతను మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అంతా విన్నాక, "పాపం, ఊరికే కేకలేసినా పిల్లోని మీద," అన్నాడు. తర్వాత, "మా ఓనరుతో మాట్లాడినా. కొత్తదే కదా, తెచ్చిస్తే మార్చి ఆరుది ఇస్తానన్నాడు. అప్పుడు ఈ ఆదివారమే ఆడుకోవచ్చు. ల్యాదంటే పదిదే ఉంచుకుని కొత్త కార్డుకు దుడ్లు కూడేదాకా ఆగల్ల. ఉగాది గూడా దాటొచ్చు. యాది కావాలో చెప్పండి," అన్నాడు.

భువనకు జవాబు తెలుసు. ఆరుదే. అన్నకు ఇంత గొడవయ్యాక పెద్దది ఎందుకు? అన్న ఎప్పుడూ పెద్దవి అడగడు. తనకు పదిది లేకపోయినా పరవాలేదు, జయరాజ్ దగ్గితే దగ్గనీ. అన్నకోసం ఆరుదే తెప్పిస్తుంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. "ఆరు..." అనబోయింది.

పెదాలు గట్టిగా మూసుకుంది.

"ఉండు చిన్నాయనా. ఫోను పెట్టొద్దు."

మగ్గం దగ్గరికి పరుగెత్తింది. "పెద్దనాయనా, రోంత సేపు మగ్గం ఆపు!"

"చీర దించల్ల మే, రేపటికి..."

"అన్న మాట్లాడల్ల. ఆపు పెద్దనాయనా!"

పుల్లన్న ఆపాడు. భువన అక్కడ నిలబడకుండా గోడకు అవతలి వైపు పోయింది. "నాయనా, నువ్వు గూడా ఆపు!" ఆ మగ్గం కూడా ఆగింది. మహాదేవి అడక్కుండానే రాట్నం ఆపింది.

రెండిళ్లలోనూ ఒక్కసారిగా నిశ్శబ్దం. పొద్దుండగా ఆ ఇంట్లో అలాంటి నిశ్శబ్దం భువన ఎప్పుడూ వినలేదు. పైన ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, ఎక్కడో ఆటో హారన్, ఎవరింట్లోనో కుక్కర్ కూత, అన్నీ కొత్తగా వినిపించాయి.

ఫోను తీసుకొచ్చి వీరేష్ ముందు పట్టుకుని, అతని ఎదురుగా కూర్చుంది. చిన్నాయన చెప్పిన రెండు దారులూ చెప్పింది. ఒక మాట ఎక్కువ చెప్పలేదు, తక్కువ చెప్పలేదు.

"నీకేది కావాలన్నా?"

వీరేష్ గోడ వైపు చూశాడు.

భువన కూర్చుంది. కాసేపటికి ఆమె కాలు దానంతటదే ఊగడం మొదలుపెట్టింది. చేత్తో పట్టుకుని ఆపింది. అతని పెదాలు కదిలాయి. ఆగాయి. ఆమె నోట్లో పది మాటలు తయారుగా ఉన్నాయి. ఒక్కొక్కటీ మింగింది.

ఫోన్‌లోంచి, "హలో? లైనులో ఉండారా?" అని వినిపించింది.

"ఉండాము చిన్నాయనా," అంది భువన. "అన్న ఆలోచిస్తాండాడు. ఆగు."

చిన్నాయన ఆగాడు. పుల్లన్న మగ్గం గుంటలో చేతులు కట్టుకుని ఆగాడు.

"చిన్నాయనా..." అన్నాడు వీరేష్. చిన్న గొంతే. కానీ ఇంటి చివర దాకా వినిపించింది. "పదిదే ఉండనీ."

భువన నోరు తెరుచుకుంది.

"నాకు గూడా... మొదటి నుంచీ పదిదే ఇష్టం. ఆ రోజు అదే చెప్దామనుకున్నా. పదిదే కావాల... కానీ నేను ఆ కార్డు తాతకు పెట్టి చూసినా, అది పని చెయ్యల్యా... కొత్త కార్డు వచ్చేదాకా ఆగుదాం అని. అంత పొడుగు మాట కదా... ముందు ముక్క కూడా బయటికి రాల్యా."

పుల్లన్న గొంతు సవరించుకున్నాడు.

"నీకు ఆరుదే కావాలేమో అనుకున్నా అన్నా," అంది భువన. "ఆరుదని చెప్పేస్తాంటి ఇప్పుడు. కొంచెంలో తప్పిపోయినాది."

వీరేష్ ఆమె వైపు చూశాడు. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి అతని ముఖంలో నవ్వు వచ్చింది.

"నా తరఫున ఒకసారి చెప్తివి, ఇంకోసారి చెప్పబోతివి. రెండుసార్లూ తప్పే," అన్నాడు.

గోడ అవతల నుంచి మహాదేవి ఫక్కున నవ్వింది. పుల్లన్న నవ్వాడు. ఫోన్‌లో చిన్నాయన అందరికంటే గట్టిగా నవ్వాడు.

"సరే అప్పా. పదిదే. మరి కార్డు ఎట్లాంటిది చూడమంటావు?"

వీరేష్ మళ్లీ గోడ వైపు చూశాడు. దాని గురించి అతను చాలా ఆలోచించి పెట్టుకున్నాడని తెలుస్తూనే ఉంది. ఎంత మెమొరీ ఉండాలి, ఎంత కరెంటు తాగుతుంది, డబ్బాలో పడుతుందా లేదా... ఒక్కొక్కటే వెతికి తీసి చెప్పసాగాడు. మాటకూ మాటకూ మధ్య చాలా ఖాళీ ఉంది. ఆ ఖాళీలో భువన ఫోనును ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది తప్ప ఏమీ మాట్లాడలేదు.

పక్కింటి వంటింట్లోంచి మహాదేవి కేక వేసింది. "మే భువనా, చీకటి పడతాంది, పొయ్యి కాడికి రా. పెద్దనాయన మగ్గం గూడా ఆడించల్ల కదా!"

"వస్తామ్మా," అంది భువన, తల తిప్పకుండా. "అన్న చెప్పేది ఇంకా అయిపోల్యా."